బ్యాగు గుడ్డకు డెనియర్ అంకె పెద్దదైతే బ్యాగు ఎక్కువ కాలం మన్నుతుందా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. తరచూ ప్రయాణాలు చేస్తారు కాబట్టి గట్టి వీపు సంచి ఒకటి కొనదలచుకున్నారు. మీ ముందు మూడు ఉన్నాయి: ఒకటి 1680 డెనియర్ పాలియెస్టర్, రెండవది కార్డురా అన్న వ్యాపార నామంతో వచ్చే 1000 డెనియర్ నైలాన్, మూడవది 500 డెనియర్ కార్డురా నైలాన్. అంకె పెద్దది గనుక మొదటిదే అన్నిటికంటే గట్టిదని అమ్మేవారు చెప్పారు. అది నిజమేనా, ఈ గుడ్డ వానకు తడవకుండా ఉంటుందా అన్నవి మీ రెండు సందేహాలు.

ఆ అంకె ఒక్కటే చూసి గట్టిదనం తేల్చలేము. మూడింటి కుట్టుపని ఒకే స్థాయిలో ఉంటే, నేనైతే 500 డెనియర్ కార్డురా బ్యాగునే తీసుకుంటాను. దాని అడుగుభాగం 1000 డెనియర్ గుడ్డతో చేసి ఉంటే ఇంకేమీ ఆలోచించను. ఇక వాన సంగతికి వస్తే, మూడింటిలో ఏదీ నీరు పూర్తిగా చొరబడనిది కాదు. నేను 22 ఏళ్లుగా బ్యాగులు కుడుతున్నాను, అంతకంటే ఎక్కువగా బాగుచేస్తున్నాను. నా బల్ల మీదకు వచ్చే బ్యాగుల్లో అధికభాగం జిప్ పాడైనవో, అతుకు విడిపోయినవో, లోపలి పూత రాలిపోయినవో తప్ప, అసలు గుడ్డే అరిగి చిరిగినవి చాలా తక్కువ. అందువల్ల మీరు అడిగిన గుడ్డ గురించి చెప్పి, ఆ తరువాత మీరు అడగని కుట్టు గురించి ఇంకాస్త ఎక్కువగానే చెబుతాను.

డెనియర్ అన్నది బలానికి కొలత కాదు, దారం బరువుకు కొలత. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని డెనియర్. అంటే 1000 డెనియర్ దారం తొమ్మిది కిలోమీటర్ల పొడవుంటే ఒక కిలో తూగుతుంది. కొన్ని చీటీల మీద డెసిటెక్స్ అని ఉంటుంది. అది 10000 మీటర్ల లెక్క కాబట్టి అంకె కొద్దిగా పెద్దదిగా కనిపిస్తుంది. 1100 డెసిటెక్స్ అని రాసి ఉన్న గుడ్డను చూసి 1000 డెనియర్ కంటే మేలైనదని అనుకోనక్కరలేదు, రెండూ దాదాపు ఒకటే. ఒకే రకం పోగు, ఒకే రకం నేత ఉన్న రెండు గుడ్డలను పోల్చేటప్పుడు డెనియర్ పనికివచ్చే కొలతే. పోగు మారినా నేత మారినా ఆ పోలిక చెల్లదు.

మీ విషయంలో జరిగింది అదే. మొదటి బ్యాగు పాలియెస్టర్, మిగిలిన రెండూ నైలాన్‌లో ఒక రకమైన నైలాన్ 6,6. ఒకే మందం గుడ్డలను గరుకు నేల మీద ఈడ్చి చూస్తే నైలాన్ రాపిడికి ఎక్కువసేపు ఓర్చుకుంటుంది, ఎందుకంటే దాని పోగు తెగేముందు కొంత సాగి, మళ్లీ వెనక్కి వస్తుంది. పాలియెస్టర్ అంతగా సాగదు, పీచు లేచిన చోటల్లా తెగుతూ పోతుంది. దీనికి తోడు మరొక చిన్న లెక్క ఉంది. పాలియెస్టర్ సాంద్రత 1.38, నైలాన్ సాంద్రత 1.14. కాబట్టి ఒకే డెనియర్ అయినప్పుడు నైలాన్ దారమే సుమారు పది శాతం లావుగా ఉండి, నేతలో ఎక్కువ చోటు నింపుతుంది. బరువును బట్టి కొలిచే అంకె తేలిక పోగుకు ఎప్పుడూ కొంత అన్యాయమే చేస్తుంది.

అలాగని పాలియెస్టర్‌ను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఎండను అది నైలాన్ కంటే బాగా తట్టుకుంటుంది, రంగు త్వరగా వెలవదు, తడిస్తే సాగదు. నైలాన్ గాలిలోని తేమను తన బరువులో దాదాపు నాలుగు శాతం వరకు పీల్చుకుంటుంది; పాలియెస్టర్ అర శాతం కూడా పీల్చుకోదు. ఏడాది పొడవునా ఆరుబయట ఎండలో ఉండే కప్పులకు, సామాను మీద పరిచే పరదాలకు నేను పాలియెస్టరే వాడతాను. వీపున మోసే సంచికి, నేల మీద ఈడ్చే సంచికి మాత్రం ఎండ కంటే రాపిడే పెద్ద శత్రువు.

1680 అన్న అంకెలో మరొక మెలిక కూడా ఉంది. చాలా గుడ్డల్లో అది ఒకే దారం కాదు, 840 డెనియర్ దారాలు రెండింటిని కలిపి నేసినది. ఒకే లావు దారంతో నేసిన 1680 కూడా అమ్మకంలో ఉంది. ఈ రెండింటికీ చీటీ మీద అంకె ఒకటే అయినా చేతికి తగిలే తీరు వేరు: జంట దారంతో నేసినది దగ్గరగా బిగిసి ఉంటుంది, ఒంటి దారంతో వదులుగా నేసినదాని గళ్ల మధ్య గోరు దూరుతుంది. ఆ సందుల్లో మేకు మొన గానీ, ముల్లు గానీ తగిలితే దారం లూపులా బయటికి వస్తుంది. కాబట్టి అంకె చదివాక గుడ్డను గోటితో గీసి చూడండి.

ఇక పేరు విషయం. కార్డురా అన్నది ఒక గుడ్డ పేరు కాదు, ఒక వ్యాపార చిహ్నం. అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ 1929లో ఆ పేరును ఒక రకం రేయాన్ పోగుకు పెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక వాహనాల టైర్లలో బలం కోసం వాడింది ఆ పోగునే. తరువాతి దశాబ్దాల్లో పేరు నైలాన్‌కు మారింది. 1977లో దానికి రంగు అద్దే పద్ధతి కుదిరిన తరువాతనే అది బ్యాగుల మార్కెట్లోకి గట్టిగా ప్రవేశించింది. ఇప్పుడు ఆ పేరు ఇన్విస్టా సంస్థ చేతిలో ఉంది. ఆ పేరుతో వచ్చే గుడ్డను ఎన్నో మిల్లులు నేస్తాయి. నేసిన గుడ్డ పరీక్షల్లో నెగ్గితేనే ఆ చీటీ వేసుకునే అనుమతి దొరుకుతుంది. పత్తి కలిపినవి, పాలియెస్టర్‌తో చేసినవి కూడా అదే పేరు కింద ఉన్నాయి కాబట్టి, పేరుతో పాటు అది నైలాన్ 6,6 అవునా కాదా అని తప్పకుండా అడగాలి. పేరు లేని నైలాన్ అంతా నాసిరకమని కూడా అనుకోవద్దు. మంచి మిల్లు నేసిన పేరులేని 1000 డెనియర్ నైలాన్‌తో నేను కుట్టిన పనిముట్ల సంచులు పన్నెండేళ్లుగా వాడుకలో ఉన్నాయి.

కార్డురా నైలాన్‌ను తాకితే నూలు గుడ్డను తాకినట్టు కొద్దిగా గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది. దారం తయారయ్యేటప్పుడు దాని మీదికి గాలిని బలంగా ఊది, సన్నని పోగులను చిన్నచిన్న చుట్లుగా చిక్కుపరచడమే దానికి కారణం. ఆ చుట్ల వల్ల నిలువునా లాగే బలం కొంత తగ్గినా, రాపిడి ముందు పైనున్న చుట్ల మీదే పడుతుంది గనుక లోపలి దారం చాలాకాలం భద్రంగా ఉంటుంది. బాలిస్టిక్ నైలాన్ ఇందుకు భిన్నం. అందులో పోగులు నున్నగా, తిన్నగా ఉంటాయి. రెండేసి దారాలను జతగా తీసుకుని బుట్ట అల్లికలా నేస్తారు. రెండవ ప్రపంచ యుద్ధంలో విమాన సిబ్బందిని ఫిరంగి గుండ్ల ముక్కల నుంచి కాపాడే కవచాల కోసం పుట్టిన గుడ్డ కాబట్టి ఆ పేరు మిగిలిపోయింది. తుపాకీ గుండును అది ఆపదు; అలా అనుకుని అడిగినవారు నాకు ఇద్దరు ముగ్గురు తగిలారు. చక్రాల పెట్టెలకు, విమానాశ్రయాల్లో బెల్టుల మీద జారే సామానుకు ఈ నున్నని గుడ్డే మేలు. ఏ అంచుకైనా పట్టుకోకుండా జారిపోతుంది, దుమ్ము కూడా అంతగా పట్టదు.

కార్డురా గరుకుదనానికి ఒక మూల్యం ఉంది, దాన్ని అమ్మేవారు చెప్పరు. వీపుకు తగిలే వైపు కూడా 1000 డెనియర్ గుడ్డే వేసిన సంచిని ఒకరు రోజూ తగిలించుకుని తిరిగారు. నాలుగు నెలలకు సంచి చెక్కుచెదరలేదు గానీ, వారి చొక్కాలన్నింటికీ నడుము దగ్గర పీచు లేచి గుడ్డ పలచబడిపోయింది. చివరికి వీపు పలక మీద మెత్తని జాలీ గుడ్డ కుట్టి ఇచ్చాను. మీరు చూస్తున్న బ్యాగుల్లో వీపు వైపు ఏముందో చేయి పెట్టి చూడండి.

500 డెనియర్‌ను ఎందుకు ఎంచుకుంటానో ఇప్పుడు చెబుతాను. పూతతో కలిపి 1000 డెనియర్ కార్డురా చదరపు మీటరుకు సుమారు 320 నుంచి 375 గ్రాములు తూగుతుంది. 500 డెనియర్ 220 నుంచి 270 గ్రాముల మధ్య ఉంటుంది. ఒక మోస్తరు వీపు సంచికి అరలు, మడతలు, జేబులు అన్నీ కలిపితే రెండు చదరపు మీటర్లకు తక్కువ కాకుండా గుడ్డ పడుతుంది. అంటే కేవలం గుడ్డలోనే రెండు వందల గ్రాముల తేడా. బరువు కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: పలచని గుడ్డ మలుపుల దగ్గర చక్కగా మడతపడుతుంది, నాలుగు పొరలు కలిసే మూలల్లో కూడా సూది తిన్నగా దిగుతుంది. మందపు గుడ్డ ఆరేడు పొరలైన చోట మామూలు యంత్రం కుట్టు వదిలేస్తుంది, దారం బిగువు తప్పుతుంది. గట్టి గుడ్డను బలహీనమైన కుట్టుతో కలిపిన బ్యాగు కంటే, మధ్యరకం గుడ్డను మంచి కుట్టుతో కలిపిన బ్యాగు ఎన్నో రెట్లు నయం. తాపీపనివారు, వైరింగ్ పనివారు సిమెంటు నేల మీద రోజూ ఈడ్చే పనిముట్ల సంచులైతే మాత్రం మొత్తం 1000 డెనియర్ వేయమనే చెబుతాను.

బ్యాగు వయసును నిజంగా నిర్ణయించేది లోపలి పూత. ఈ గుడ్డలన్నింటికీ వెనుక వైపు పలచని పూత ఉంటుంది, ఎక్కువగా పాలియురెథేన్‌ది. నీటిని ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. కత్తిరించిన అంచు దగ్గర దారాలు విడిపోకుండా పట్టి ఉంచేది కూడా అదే. ఈ పూతకు గాలిలోని తేమ, వేడి పడవు. ఏళ్ల తరబడి తేమ తగులుతూ ఉంటే దాని లోపలి బంధాలు తెగి, మొదట చేతికి జిగటగా తగులుతుంది, తరువాత ఒక రకం పుల్లని వాసన వేస్తుంది, ఆపైన పొలుసుల్లా రాలి లోపలి బట్టలకు అంటుకుంటుంది. పాలియురెథేన్‌లో ఈథర్ రకం దీన్ని బాగా తట్టుకుంటుంది, చవకైన ఎస్టర్ రకం అంతగా తట్టుకోదు. ఏ రకమో చీటీ మీద మాత్రం ఎవరూ రాయరు.

ఇద్దరు అన్నదమ్ములు ఒకే రోజు కొన్న, ఒకే తయారీకి చెందిన రెండు పొడవాటి సంచులు తొమ్మిదేళ్ల తరువాత ఒకేసారి నా దగ్గరికి వచ్చాయి. అన్నగారు తన సంచిని నెలకు రెండు మూడుసార్లు వాడేవారు. దానికి ఒక పట్టీ తెగింది, అంతే. తమ్ముడుగారు దాన్ని జాగ్రత్తగా దాచుకోవాలని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇనుప పెట్టెలో పెట్టారు. విప్పి చూస్తే లోపలి గోడలు రెండూ ఒకదానికొకటి అంటుకుపోయి, లాగితే బంకలా సాగాయి. గుడ్డ మాత్రం కొత్తదానిలాగే ఉంది. గాలి ఆడని చోట చిక్కుకున్న తేమే దాన్ని తినేసింది. ఆ పూతను స్పిరిట్ తడిపిన గుడ్డతో రుద్ది తీసేసి, లోపల కొత్తగా అస్తరు కుట్టి ఇచ్చాను. ఇప్పుడది సంచిగా పనికివస్తుంది గానీ, వానను ఏమాత్రం ఆపదు. దాచిపెట్టిన బ్యాగు వాడిన బ్యాగు కంటే ముందే పాడవుతుందంటే చాలామంది నమ్మరు.

పూత పీవీసీది అయితే దాని తీరు వేరు. అది నీటిని బాగా ఆపుతుంది, తేమకు జిగట కాదు. కానీ దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం కాలక్రమంలో బయటికి పోయి గుడ్డ బిరుసెక్కుతుంది, మడతల దగ్గర పగుళ్లు వస్తాయి. చవక పాలియెస్టర్ బ్యాగులలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

అతుకుల గురించి చెప్పేముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పని మొదలుపెట్టిన మూడవ ఏడాది, గుడ్డ కలిసివస్తుందని, 1000 డెనియర్ గుడ్డతో చేసిన పది సంచులకు అతుకు దగ్గర అంగుళంలో నాలుగో వంతు మాత్రమే అంచు వదిలి కుట్టాను. అంచులకు పట్టీ కూడా చుట్టలేదు. నిండుగా సామాను పెట్టి మోసిన మూడు నెలల్లో వాటిలో ఆరు తిరిగివచ్చాయి. దారం ఎక్కడా తెగలేదు, గుడ్డ ఎక్కడా చిరగలేదు. గుడ్డలోని పడుగు పోగులే కుట్టు లోంచి జారి బయటికి వచ్చేశాయి. లావు దారంతో నేసిన గుడ్డలో అంగుళానికి ఉండే పోగుల సంఖ్య తక్కువ కాబట్టి, అంచు సన్నగా ఉంటే కుట్టుకు పట్టు దొరికేది కొద్ది పోగుల మీదే. అంటే గుడ్డ లావయ్యేకొద్దీ అంచు కూడా ఎక్కువగా వదలాలి. ఇప్పుడు అర అంగుళానికి తగ్గించను. అంచును నైలాన్ పట్టీతో చుట్టి రెండోసారి కుట్టు వేస్తాను.

కుట్లు దగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుందన్నది మరొక అపోహ. ఈ గుడ్డల మీద అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు చాలు. పన్నెండు వేస్తే తపాలా బిళ్లల మధ్య ఉండే చిల్లుల వరుసలాంటిది తయారై, బరువు పడిన రోజున గుడ్డ ఆ గీత వెంబడే చీలుతుంది. దారం కూడా నూలుదో మామూలు చొక్కా దారమో కాకుండా, పోగులను అతికించి చేసిన బాండెడ్ నైలాన్ అయి ఉండాలి. పెద్ద సంచులకు నేను 69 నంబరుది, పట్టీలు కలిసే చోట 92 నంబరుది వాడతాను. భుజం పట్టీ సంచిలోకి వెళ్లే చోట ఒకే గీత కుట్టు ఉంటే ఆ బ్యాగును అక్కడే వదిలేయండి. అక్కడ దట్టమైన అడ్డకుట్టు గానీ, చతురస్రం మధ్యలో ఇంటూ గుర్తు ఉన్న కుట్టు గానీ ఉండాలి.

జిప్ గురించి క్లుప్తంగా: పెద్ద అరకు 8 లేదా 10 నంబరు జిప్, జేబులకు 5 నంబరు జిప్ ఉండాలి. వైకేకే వంటి పేరున్న తయారీ అయితే మంచిది. జిప్ నడవనప్పుడు పళ్లు పాడయ్యాయని అందరూ అనుకుంటారు గానీ, చాలాసార్లు అరిగేది రన్నర్ మాత్రమే. అది మారిస్తే అదే జిప్ మళ్లీ కొన్నేళ్లు పనిచేస్తుంది. నవారు పట్టీలు గోటికి మెత్తగా వదులుగా తగిలితే బక్కిల్‌లో జారిపోతాయి.

మీ రెండవ సందేహం వాన. గుడ్డ పైన ఉండే నీటిని జార్చే పూత కొత్తలో చినుకులను ముత్యాల్లా దొర్లిస్తుంది. రాపిడికి, దుమ్ముకు అది కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. ఆ తరువాత బయటి పోగు తడుస్తుంది, లోపలి పూత మాత్రం నీటిని ఇంకా ఆపుతుంది. కానీ సూది దిగిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉంది, జిప్ పొడవునా సందు ఉంది. చిరుజల్లులో అరగంట నడిస్తే లోపలి సామాను భద్రమే. జోరువానలో ఈ గుడ్డల్లో దేన్నీ నమ్మి లాప్‌టాప్ పెట్టవద్దు. పైన వేసే వాన తొడుగు గానీ, లోపల పెట్టే పలచని నీరు చొరని సంచి గానీ ఉంటే సరిపోతుంది. అతుకులన్నీ వేడితో అతికించిన సంచులు పూర్తిగా వేరే జాతి.

శుభ్రం చేయడానికి చల్లని నీరు, కొద్దిగా తేలికపాటి సబ్బు, మెత్తని బ్రష్ చాలు. వాషింగ్ మెషిన్‌లో వేస్తే గుడ్డకు ఏమీ కాదు గానీ పూత, ఫోమ్ దెబ్బతింటాయి. బ్లీచింగ్ ద్రవం, ఆమ్లం నైలాన్‌ను నేరుగా దెబ్బతీస్తాయి. బ్యాటరీ ఆమ్లం చుక్క పడిన చోట రెండు రోజుల్లో రంధ్రం పడటం నా కళ్లారా చూశాను. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వవద్దు. నైలాన్ 6,6 కరిగేది 265 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అయినా, పూత అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. నీడలో ఆరబెట్టి, జిప్‌లు తెరిచి, గాలి ఆడే చోట వేలాడదీయండి.

అది నైలానో కాదో తేల్చుకోవాలంటే, కొన్న తరువాత లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, గాలి ఆడే చోట నిప్పుకు చూపండి. రెండూ కరుగుతాయి. పాలియెస్టర్ నల్లని మసి పొగ వదిలి నల్లని గట్టి ఉండగా మిగులుతుంది; నైలాన్ పొగ తెల్లగా, పలచగా ఉంటుంది. రంగు వేసిన పోగుల్లో ఉండ రంగు మోసం చేయవచ్చు కాబట్టి పొగనే చూడండి. కరిగిన బొట్టు చర్మం మీద పడితే అంటుకుని లోతుగా కాలుతుంది, జాగ్రత్త.

కొనే ముందు మాత్రం నిప్పు అవసరం లేదు. మూడు బ్యాగులనూ పూర్తిగా తెరిచి, ఒక్కొక్కటిగా లోపలి వైపు బయటికి తిప్పమని అడగండి. అడుగు మూలల్లో అంచులకు పట్టీ చుట్టి ఉందా, భుజం పట్టీల మొదట్లో అడ్డకుట్టు ఉందా, రెండు లోపలి గోడలను ఒకదానికొకటి ఒత్తి విడదీస్తే జిగట చప్పుడు వస్తోందా అన్నవి చూడండి. 1680 పాలియెస్టర్ బ్యాగులో ఇవన్నీ సరిగ్గా ఉండి, రెండు కార్డురా బ్యాగుల్లో లేకపోతే, పైన చెప్పిన గుడ్డ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ పాలియెస్టర్ బ్యాగే కొనండి.